మీ బడిలో పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో మీరే చూసుకోవడం ఎలా?

2024 డిసెంబరు 4న దేశమంతా 3, 6, 9 తరగతుల పిల్లలకు పరఖ్ సర్వే పరీక్ష పెట్టారు. పిల్లలకు చదువు ఎంత వచ్చిందో చూడటానికి కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష ఇది. అంతకుముందు 2017లో, 2021లో నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే పేరుతో ఇదే పని జరిగింది. ఆ ఫలితాలు జిల్లాల వారీగా వస్తాయి. నల్లగొండ ఏ స్థానంలో ఉంది, నారాయణపేట ఎక్కడుంది, నాగర్‌కర్నూల్ ఎందుకు వెనకబడింది అని రెండు రోజులు పేపర్లలో చదువుతాం. మీ ఊరి బడిలో మూడో తరగతి పాపకు ఒత్తులు వచ్చా, నాలుగో తరగతి బాబు తీసివేతలో ఎక్కడ ఆగిపోతున్నాడు అన్నది ఆ రిపోర్టులో ఉండదు. ఆ సర్వేలు ఎంపిక చేసిన కొన్ని బడుల్లోనే, కొందరు పిల్లలతోనే జరుగుతాయి. జిల్లా సంగతి చెప్పడానికి పెట్టిన పరీక్ష మీ పిల్లవాడి సంగతి చెప్పలేదు.

మీ పిల్లల సంగతి మీకు తెలియాలంటే ఒక్కో పిల్లవాడి పక్కన పది నిమిషాలు కూర్చోవాలి. ఇంతకు మించిన మార్గం నాకు కనబడలేదు. ప్రైమరీ టీచర్లు, ఊళ్ళో ట్యూషన్ చెప్పే డిగ్రీ పిల్లలు, బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్న తల్లులు, ఎవరైనా ఈ పని చేయవచ్చు. ఎలా చేయాలో వరసగా చెబుతాను.

ముందు కాగితాలు తయారు చేసుకోండి

2005 నుంచి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వే చేస్తున్నారు. వాళ్ళు వాడే పద్ధతి చాలా తేలిక. చదవడానికి నాలుగు మెట్లు పెట్టుకున్నారు: అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కలకూ నాలుగే: 1 నుంచి 9 వరకు అంకెలు గుర్తుపట్టడం, 11 నుంచి 99 వరకు సంఖ్యలు గుర్తుపట్టడం, పది అరువు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. మూడో తరగతి వాడికైనా, ఐదో తరగతి వాడికైనా ఇదే కాగితం. చాలామంది టీచర్లకు ఇక్కడే అనుమానం వస్తుంది, ఐదో తరగతికి ఇంత చిన్న పరీక్షా అని. పెట్టి చూడండి, ఎందుకో మీకే తెలుస్తుంది.

కాగితం కొనక్కర్లేదు, మీరే రాసుకోవచ్చు. పేరా ఇలా ఉంటే చాలు:

మా ఊరిలో పెద్ద చెరువు ఉంది. చెరువు గట్టు మీద వేప చెట్టు ఉంది. చెట్టు నీడలో మేకలు పడుకుంటాయి. నేను రోజూ అక్కడ ఆడుకుంటాను.

నాలుగు వాక్యాలు, 19 మాటలు. ద్ద, ట్టు, క్క వచ్చాయి కాబట్టి ఒత్తుల సంగతి కూడా ఇందులోనే బయటపడుతుంది. పాఠ్యపుస్తకంలోని పేరా మాత్రం పెట్టకండి. మన పిల్లలు పాఠాలను విని విని కంఠస్థం చేసి ఉంటారు. కాగితం తలకిందులుగా పట్టుకుని కూడా గడగడా అప్పజెప్పేవాళ్ళు ఉన్నారు. కథ ఏడెనిమిది వాక్యాలు ఉండాలి, అందులో ఒక మనిషి ఏదో చేసి ఉండాలి, చివర రెండు ప్రశ్నలు అడగడానికి వీలుండాలి. ఒక ప్రశ్నకు జవాబు కథలో నేరుగా దొరకాలి. రెండోదానికి పిల్లవాడు కొంచెం ఆలోచించాలి.

ఒక్కో మెట్టుకు కనీసం మూడు రకాల కాగితాలు రాసుకోండి. ఒకే పేరా అందరితో చదివిస్తే, వరండాలో క్యూ కట్టిన పిల్లలకు నాలుగో పిల్లవాడి వంతు వచ్చేసరికి అది నోటికి వచ్చేస్తుంది. అక్షరాలు పెద్దగా, స్కెచ్ పెన్నుతో, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీ వదిలి రాయాలి. జిరాక్స్ తీయిస్తే అక్షరాలు మసకబారకుండా చూసుకోండి.

ఎప్పుడు, ఎక్కడ కూర్చోబెట్టాలి

ఉదయం ప్రార్థన అయ్యాక మొదలుపెట్టండి. మధ్యాహ్న భోజనం తిన్నాక పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది, ఆ టైంలో చదివిస్తే వచ్చింది కూడా రాదు. ఇద్దరు సార్లు ఐదు తరగతులు చూసుకునే బడి అయితే ఒకరు మిగతా పిల్లలకు రాతపని ఇచ్చి చూసుకోవాలి, ఇంకొకరు వరండా చివరనో చెట్టు కిందో కూర్చుని ఒక్కొక్కరిని పిలవాలి. రోజుకు ఎనిమిది, పది మంది కంటే ఎక్కువ పెట్టుకోకండి. మీరు అలిసిపోతే చివరి పిల్లలకు అన్యాయం జరుగుతుంది.

పిల్లవాడికి ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. "పరీక్ష" అనే మాట ఎత్తకండి. ఏం కూర తిన్నావు, మీ మేక ఈనిందా అని రెండు మాటలు మాట్లాడి, "ఇది కొంచెం చదివి వినిపిస్తావా" అని అడగండి. టెన్షన్ పడిన పిల్లవాడు నోరు తెరవడు. వాడు నోరు తెరవకపోతే రాలేదని రాసేస్తాం. అసలు సంగతి మనకు తెలియకుండానే పోతుంది.

చదవడం చూసే పద్ధతి

పేరాతో మొదలుపెట్టండి. పేరా వాక్యాలుగా చదివితే, ముక్కుతూ మూలుగుతూ అక్షరం అక్షరం కూడబలుక్కోకుండా, మూడు తప్పుల లోపు చదివితే కథ ఇవ్వండి. కథ కూడా అలాగే చదివితే కథ దగ్గర టిక్ పెట్టండి. పేరా చదవలేకపోతే పదాల దగ్గరికి దిగండి. ఏవైనా ఐదు పదాలు అడిగితే నాలుగు సరిగ్గా రావాలి. అవీ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదింట్లో నాలుగు. అవి కూడా రానివాళ్ళను "మొదలు" అని రాసుకోండి. పిల్లవాడు ఏ మెట్టు వరకు ఎక్కాడో ఆ మెట్టే వాడి స్థాయి.

అక్షరాలు వరసలో అడగకూడదు. అ ఆ ఇ ఈ అని పాటలా చెప్పే పిల్లవాడిని మధ్యలో "ష" చూపించి అడిగితే, అ దగ్గర్నుంచి లోపల లెక్కపెట్టుకుంటూ రావడం మీరు పెదవుల కదలికలోనే చూడవచ్చు. వ, ప, ష, స పక్కపక్కన పెట్టండి. మ, య పక్కపక్కన పెట్టండి. ద, ధ, థ పెట్టండి. పొరపాటు పడేది ఇక్కడే. గుణింతంలో కు కూ, కె కే, కొ కో జంటలుగా అడగండి.

ఒత్తుల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పదాల మెట్టు మీద ఆగిపోయిన పిల్లల్లో ఎక్కువమందిని ఆపింది ఒత్తులే. గ ఒత్తు, డ ఒత్తు లాంటివి అసలు అక్షరానికి తలకట్టు తీసేసినట్టు ఉంటాయి కాబట్టి పిల్లలు ఊహించగలరు. త, న, మ, య, ర, ల ఒత్తులు అలా ఉండవు. అక్షరం ఒక రూపం, ఒత్తు ఇంకో రూపం. వీటిని ప్రత్యేకంగా కూర్చోబెట్టి నేర్పకపోతే పిల్లవాడు "జొన్న"ను "జొన" అని చదివి ముందుకు పోతాడు. ఐదో తరగతి దాకా అలాగే పోతాడు. కాబట్టి మీ పదాల కాగితంలో ఈ ఆరు ఒత్తులూ ఉండేటట్టు రాసుకోండి: పత్తి, జొన్న, నిమ్మ, కొయ్య, గొర్రె, బెల్లం. పిల్లవాడు ఏది తప్పినా ఆ ఒత్తు పేరు పక్కన రాసుకోండి. తర్వాత నేర్పేటప్పుడు ఆ ఒక్క ముక్క మీకు చాలా పనికొస్తుంది.

ఇంకో సంగతి, మన ప్రాంతంలో తప్పక గుర్తు పెట్టుకోవాల్సింది. కాగితం మీద "వచ్చాడు" అని ఉంటే పిల్లవాడు "వచ్చిండు" అని చదువుతాడు. "గేదె" అని ఉంటే "బర్రె" అంటాడు. ఈ రెండూ వేరువేరు సంగతులు. మొదటి దాంట్లో వాడు మాట చదివాడు, అర్థం చేసుకున్నాడు, తన ఇంటి మాటలో బయటికి చెప్పాడు. ఆ మాట మీద వేలు పెట్టి "మళ్ళీ చూసి చదువు నాయనా" అంటే "వచ్చాడు" అనే చదువుతాడు. దాన్ని తప్పు కింద వేయకండి. రెండో దాంట్లో వాడు పక్కనున్న బొమ్మ చూసి చెప్పి ఉండవచ్చు. బొమ్మను చేత్తో మూసి మళ్ళీ అడగండి. అప్పుడు చదవలేకపోతే ఆ మాట వాడికి రానట్టే. బొమ్మల్లేని కాగితం వాడటం అందుకే మంచిది.

దేవరకొండ, చందంపేట వైపు తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. కర్ణాటక సరిహద్దు దగ్గర కృష్ణ, మక్తల్ వైపు ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లలూ ఉంటారు. ఒకటి, రెండు తరగతుల్లో ఈ పిల్లలకు ముందు తెలుగు మాట ఎంత అర్థమవుతుందో చూడాలి. ఒక బొమ్మ చూపించి మాట్లాడించండి. కథ చదివాక ప్రశ్నను పెద్ద తరగతి పిల్లతో వాళ్ళ భాషలో అడిగించండి, జవాబు వాళ్ళ భాషలోనే చెప్పనివ్వండి. మాట తెలియక తడబడే పిల్లను అక్షరం రాని పిల్ల కింద లెక్కేస్తే, మళ్ళీ అ ఆలు దిద్దిస్తూ ఏడాది పోగొడతాం. ఆ పిల్లకు కావాల్సింది రోజూ కాసేపు తెలుగులో కబుర్లు.

కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకునే పిల్లలు, కళ్ళు చికిలించే పిల్లలు కనబడతారు. వాళ్ళ పేర్లు వేరుగా రాసి, పిల్లల ఆరోగ్యం చూడటానికి బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ డాక్టర్ల బృందానికి చూపించండి. వాళ్ళు వచ్చేదాకా ఆగకుండా దగ్గరి పీహెచ్‌సీలో అడిగినా మంచిదే. కళ్ళజోడు వస్తే చదువు దానంతట అదే కదిలే పిల్లలు ఉంటారు.

వేగం సంగతి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతి చివరికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని ఉంది. పేరా దాటిన పిల్లలకు ఫోన్‌లో ఒక నిమిషం పెట్టి చూడవచ్చు, సరిగ్గా చదివిన మాటలు లెక్కపెట్టవచ్చు. అయితే గడియారం పిల్లవాడికి కనబడనివ్వకండి. తెలుగులో "ఆడుకుంటున్నారు" కూడా ఒక మాటే, "మా" కూడా ఒక మాటే. కాబట్టి అంకె ఒక్కటే పట్టుకోకుండా వాడు చదివింది మీకు కథలా వినిపించిందా లేదా చూడండి. వేగంగా చదివి ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేని పిల్లవాడికి ఇంకా పని మిగిలే ఉంది.

లెక్కలు చూసే పద్ధతి

తీసివేతతో మొదలుపెట్టండి. రెండు లెక్కలు ఇవ్వండి, రెండూ సరిగ్గా వస్తే భాగహారం. రాకపోతే రెండంకెల సంఖ్యలకు, అక్కడా రాకపోతే అంకెలకు దిగండి. 52 లోంచి 17, 40 లోంచి 16 లాంటివి ఇవ్వండి. సున్నా ఉన్న లెక్క ఒకటి ఉండాలి.

జవాబు తప్పైతే కొట్టేసి వదిలేయకండి. ఏం రాశాడో అలాగే ఎక్కించుకోండి. 52 లోంచి 17 తీస్తే 45 అని రాసిన పిల్లవాడు అజాగ్రత్తగా చేయలేదు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీశాడు, 5 లోంచి 1 తీశాడు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని ఎప్పుడో విన్న మాటను బుద్ధిగా పాటించాడు. ఇదే పిల్లవాడు 40 లోంచి 16 తీస్తే 36 అంటాడు. ఈ రెండు జవాబులు పక్కపక్కన కనబడితే మీకు రోగం దొరికినట్టే. వాడికి పదులు, ఒకట్లు అన్నవి చేతికి అందలేదు.

సంఖ్యలు గుర్తుపట్టించేటప్పుడు 18, 81 రెండూ అడగండి. 70, 80, 90 వరసల్లోంచి ఒక్కొక్కటి అడగండి. డెబ్బై, ఎనభై, తొంభై దగ్గర పిల్లలు బాగా తడబడతారు. 2022-23 నుంచి మన తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చి, పుస్తకాలు రెండు భాషల్లో ఉంటున్నాయి కాబట్టి "నలభై మూడు" అన్నా "ఫార్టీ త్రీ" అన్నా ఒప్పుకోండి. ఏ భాషలో చెప్పాడో మాత్రం రాసుకోండి.

భాగహారంలో 875 ని 6 తో భాగించమనండి. 145 వచ్చి 5 మిగలాలి. అది వచ్చిన పిల్లవాడికి 618 ని 6 తో ఇచ్చి చూడండి. 103 రావాల్సిన చోట 13 వస్తే సున్నా స్థానం దగ్గర పని ఉందని తెలుస్తుంది. ఎక్కాలు మాత్రం వరసలో అప్పజెప్పించుకోవద్దు. "ఏడు ఆర్ల ఎంత?" అని మధ్యలోంచి అడగండి. ఏడు ఒకట్ల ఏడు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ వచ్చినా తప్పులేదు, ఎక్కం ఉన్నట్టే. అసలు కదలకపోతే లేనట్టు.

వాక్యాల లెక్కలకు ఒక చిన్న కిటుకు ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఈ లెక్క కాగితం మీద రాసి ఇవ్వండి: ఒక బస్తాలో 48 కిలోల పత్తి ఉంది. అందులోంచి 19 కిలోలు తీసి ఇంకో బస్తాలో పోశారు. మొదటి బస్తాలో ఎన్ని కిలోలు మిగిలాయి? పిల్లవాడు "కలపాలా సార్, తీసేయాలా?" అని మీ మొహంలోకి చూస్తాడు. ఏమీ చెప్పకండి. కాగితం తీసుకుని అదే లెక్కను ఇంటి మాటల్లో మీరే చదివి వినిపించండి. పత్తి ఏరే ఇంటి పిల్లవాడు కాబట్టి చాలాసార్లు వెంటనే వేళ్ళు మడిచి 29 అంటాడు. అలా చెప్పినవాడికి లెక్క వచ్చు, చదవడమే రాదు. విని కూడా చెప్పలేకపోయినవాడికి లెక్కలోనే పని ఉంది. పరీక్షలో ఇద్దరికీ ఒకే సున్నా పడుతుంది. మీరు ఇద్దరికీ వేరువేరుగా నేర్పాలి.

రాసుకోవడం

ఒక పెద్ద లాంగ్ నోట్‌బుక్ తీసుకుని ఎడమ పేజీలో చదవడం, కుడి పేజీలో లెక్కలు గీసుకోండి. పిల్లల పేర్లు ఒక వరసలో, మెట్లు అడ్డంగా. ఎక్కిన మెట్టు దగ్గర తేదీ వేయండి. చివర ఒక పెద్ద గడి వదిలి అందులో "ల ఒత్తు రాదు", "కళ్ళు చూపించాలి", "విని చెప్పాడు, చదివి చెప్పలేదు" లాంటి ముక్కలు రాయండి. నిజమైన సమాచారం ఈ గడిలోనే ఉంటుంది.

శాతాల జోలికి పోకండి. తరగతిలో 12 మంది ఉంటే ఒక్క పిల్లవాడు రాకపోతేనే శాతం ఎనిమిది వరకు మారిపోతుంది. పోయిన నెల కంటే పెరిగాం, తగ్గాం అనుకోవడంలో అర్థం లేదు. పేర్లతో మాట్లాడుకోండి: ఎవరు పదాల నుంచి పేరాకు వచ్చారు, ఎవరు రెండు నెలలుగా అక్షరాల దగ్గరే ఉన్నారు అని.

పరీక్ష పెట్టేటప్పుడు పెదవి కదిపి అందించకండి. ఆ ప్రేమ పిల్లవాడికి నష్టం చేస్తుంది. పై వాళ్ళకు పంపే లెక్కల్లో కూడా ఉన్నది ఉన్నట్టే పంపండి. 2022 ఆగస్టులో ఒకటి నుంచి ఐదు తరగతులకు రాష్ట్ర ప్రభుత్వ తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది కూడా వెనకబడిన పిల్లలను గుర్తించి పైకి తేవడానికే. అందరికీ అన్నీ వచ్చని రాసి పంపిన బడికి ఇంకెవరు వచ్చి సాయం చేస్తారు?

తర్వాత ఏం నేర్పాలి

రోజులో ఒక గంట తరగతులు పక్కన పెట్టి మెట్ల వారీగా కూర్చోబెట్టండి. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో అక్షరాల దగ్గర ఉన్నవాళ్ళంతా ఒక చోట, పదాల వాళ్ళు ఒక చోట, పేరా, కథ చదివేవాళ్ళు ఒక చోట. ఐదో తరగతి పిల్లవాడు మూడో తరగతి వాళ్ళతో కూర్చోవడానికి సిగ్గుపడతాడు. గుంపులకు పూల పేర్లో చెట్ల పేర్లో పెట్టండి. "మొద్దుల గుంపు" అన్న మాట మీ నోటి నుంచి గానీ ఇంకో పిల్లవాడి నోటి నుంచి గానీ రాకుండా చూడండి. ఆ మాట పడిన పిల్లలు మర్నాటి నుంచి బడి ఎగ్గొడతారు.

అక్షరాల వాళ్ళకు వాళ్ళ పేర్లతోనే మొదలుపెట్టండి. పేరులోని అక్షరాలు ముందు, ఇంట్లో వాళ్ళ పేర్లు తర్వాత, ఆ తర్వాత గుణింతం. నేల మీద సుద్దతో పెద్దగా రాసి దాని మీద నడిపించండి. పదాల వాళ్ళకు ఒక వారానికి ఒక ఒత్తు చాలు. త ఒత్తు వారంలో పత్తి, కత్తి, సుత్తి, మెత్త. న ఒత్తుకు అన్నం, జొన్న, వెన్న. మ ఒత్తుకు అమ్మ, కొమ్మ, నిమ్మ. ల ఒత్తుకు ఇల్లు, పిల్ల, బెల్లం. ర ఒత్తుకు బర్రె, గొర్రె, ఎర్ర. ఇవన్నీ పిల్లలు రోజూ చూసేవే, అనేవే. నోట్లో ఉన్న మాట కాగితం మీద కనబడినప్పుడు వాళ్ళ మొహం చూడాలి. పేరా వాళ్ళను జంటలుగా కూర్చోబెట్టండి, ఒకరు చదివితే ఒకరు వినాలి, విన్నవాళ్ళు ఒక ప్రశ్న అడగాలి. అందరూ ఒకేసారి అరిచి చదివే పద్ధతి ఈ గంటలో వద్దు. ఆ గోలలో రానివాడు పెదవులు కదుపుతూ దాక్కుంటాడు.

లెక్కలకు చీపురు పుల్లలు చాలు. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించండి. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. "నాకు 17 ఇవ్వు" అని చెయ్యి చాపండి. ఒక కట్ట ఇస్తాడు, విడిగా ఏడు ఇవ్వాలి, దగ్గర రెండే ఉన్నాయి. అక్కడ మీరు మాట్లాడకుండా కూర్చోవాలి. కాసేపు చూసి చూసి వాడే ఒక కట్ట రబ్బరు తీస్తాడు. ఇప్పుడు పన్నెండు విడివి, అందులోంచి ఏడు ఇస్తే ఐదు మిగిలాయి. కట్టలు మూడు మిగిలాయి. 35. వాడు చేత్తో చేసిన ప్రతిసారీ పక్కనే పలక మీద అదే లెక్క రాయించండి. ఐదు కొట్టేసి నాలుగు రాయడం అంటే కట్ట విప్పడమేనని వాడికి తట్టేదాకా పుల్లలు తీసేయకండి. కొందరికి రెండు రోజులు పడుతుంది, కొందరికి రెండు వారాలు. పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్ళలతో కూడా ఇదే ఆట ఆడవచ్చు.

ఇంటి వాళ్ళతో మాట్లాడటం

తల్లిదండ్రుల మీటింగులో మార్కులు గట్టిగా చదవకండి. అమ్మ పక్కన కూర్చోబెట్టి పిల్లవాడితో నాలుగు వాక్యాలు చదివించండి, మూడు నెలల కింద ఎక్కడ ఉన్నాడో నోట్‌బుక్‌లో చూపించండి. చదువు రాని తల్లులు "మాకేం తెలుస్తది సార్" అంటారు. వాళ్ళు చేయగలిగింది చాలా ఉంది. రాత్రి అన్నం తిన్నాక "ఇవాళ చదివిన కథ చెప్పు బిడ్డా" అని అడగమనండి. బస్సు బోర్డు, కరెంటు బిల్లు, సబ్బు మీద ధర చదివించమనండి. అంగడికి పోయినప్పుడు చిల్లర లెక్క పిల్లవాడి చేత చేయించమనండి. ఇవి ఖర్చు లేని పనులు.

పత్తి ఏరే రోజుల్లో, అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా, కొందరు పిల్లలు బడికి సరిగ్గా రారు. పాలమూరు వైపు అమ్మానాన్న ముంబయికో పుణెకో వలస పోతే పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు, లేదా వాళ్ళతోనే పోతారు. తిరిగి వచ్చిన పిల్లవాడిని నేరుగా తరగతిలో కూర్చోబెట్టకుండా మళ్ళీ పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. పోయేముందు ఉన్న మెట్టు మీదే ఉంటాడని అనుకోవద్దు. అవ్వలకు కబురు పెట్టేటప్పుడు తప్పు పట్టినట్టు మాట్లాడకండి. కూలి పోతే పూట గడవని ఇళ్ళవి.

మళ్ళీ ఎప్పుడు చూడాలి

బడి తెరిచిన జూన్ నెలాఖరులోపు ఒకసారి, బతుకమ్మ సెలవులకు ముందు ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి, ఏప్రిల్ మొదట్లో ఒకసారి. ప్రతిసారీ కొత్త కాగితం. కథ దాటినవాళ్ళకు ఈ పరీక్ష ఇక వద్దు, వాళ్ళకు కథల పుస్తకాలు ఇవ్వండి.

సర్వే గానీ గురుకుల ప్రవేశ పరీక్ష గానీ దగ్గర పడితే నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం, గడి నింపడం ఒకటి రెండు వారాలు అలవాటు చేయించండి, అది చాలు. ఐదో తరగతిలో చలకుర్తి, వట్టెం నవోదయలకు రాయాలనుకునే పిల్లలకు ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఆ పరీక్షలో రెండు గంటల్లో 80 ప్రశ్నలు ఉంటాయి, అందులో సగం మెంటల్ ఎబిలిటీ, మిగతా సగం లెక్కలు, భాష. కానీ పేరా మెట్టు దాటని పిల్లవాడికి ఆ గైడ్లు కొని ఇవ్వడం దండగ. ముందు చదవడం రానివ్వండి.

ఐదో తరగతి పిల్లలు హైస్కూలుకు పోయేటప్పుడు టీసీతో పాటు మీ నోట్‌బుక్‌లోని ఆ పిల్లల పేజీలు జిరాక్స్ తీసి అక్కడి తెలుగు, లెక్కల టీచర్ల చేతికి ఇవ్వండి. మీకు బదిలీ అయితే నోట్‌బుక్ బీరువాలో పెట్టి పోకుండా, కొత్తగా వచ్చే సారుకో మేడమ్‌కో ఒక్కో పేరు చూపించి అరగంట మాట్లాడి ఇవ్వండి. ఎవరికి ఏ ఒత్తు రాదో, ఎవరు కళ్ళజోడు తేవడం మర్చిపోతారో, ఎవరు సంక్రాంతి దాకా రారో వాళ్ళకు మొదటి రోజే తెలియాలి.